కుర్చీలు చేసేవాడి కొలతలో సెడాన్, ఎస్‌యూవీ

ముప్పై ఏళ్ళుగా కుర్చీలు చేస్తున్నాను. అందుకే ఏ కారెక్కినా నా చూపు మొదట సీటు మీదికే పోతుంది, ఇంజను సంగతి తరువాత. పోయిన నెల మా అన్నయ్య పెద్ద సెడాన్‌లో మూడు రోజులు, నా మిత్రుడి ఏడు సీట్ల ఎస్‌యూవీలో మూడు రోజులు తిరిగాను. జేబులో కొలత టేపు ఉంది. కార్ల పేర్లు మాత్రం రాయను. ఇద్దరూ ఇది చదువుతారు, ఇద్దరితోనూ నాకు పనులున్నాయి.

ఎస్‌యూవీ ఎత్తుగా, దిట్టంగా కనిపిస్తుంది కాబట్టి లోపల చోటు ఎక్కువ ఉంటుందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ కాళ్ళు చాపుకునే చోటు ఎత్తును బట్టి రాదు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య ఎంత దూరముందో చూడాలి. దాన్ని వీల్‌బేస్ అంటారు. నేనెక్కినవి ఇవి కావు గానీ, ఒకే కంపెనీవి రెండు తీసుకుని చూడండి. టొయోటా ఎస్‌యూవీ ఫార్చ్యూనర్ వీల్‌బేస్ 2,745 మి.మీ. వాళ్ళ సెడాన్ కామ్రీ, ఈ తరానిది 2,825 మి.మీ. అంటే సెడానే ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ. పైగా ఆ తక్కువ పొడవులోనే ఎస్‌యూవీ మూడు వరుసలను సర్దుకోవాలి, సెడాన్‌కు రెండే. ఇక ఎస్‌యూవీ ఎత్తులో కొంత భాగం రోడ్డుకూ బండికీ మధ్య ఖాళీకి, కొంత అడుగునున్న ఇనుప చట్రానికి (ఛాసిస్) పోతుంది. మన మోకాళ్ళకు దక్కేది తక్కువే.

అసలు విషయం తొడల దగ్గర ఉంది. రాత బల్ల ముందు వేసే కుర్చీకి నేల నుంచి కూర్చునే పలక దాకా సుమారు 45 సెం.మీ. పెడతాం. అప్పుడు పాదాలు నేల మీద ఆనతాయి, తొడలు పలక మీద ఆనతాయి, బరువు పంచుకుంటుంది. ఈ ఎత్తు తగ్గేకొద్దీ మోకాళ్ళు పైకి లేస్తాయి, తొడల కింద గాలి దూరుతుంది, బరువంతా పిరుదుల ఎముకల మీద పడుతుంది. గంట గడిచేసరికి తిమ్మిరి మొదలవుతుంది. అన్నయ్య సెడాన్ వెనుక సీటు కారు నేల నుంచి 32 సెం.మీ. ఉంది. మిత్రుడి ఎస్‌యూవీ రెండో వరుస 29 సెం.మీ. రెండుసార్లు కొలిచాను, తప్పు లేదు. బండి ఎత్తుగా ఉంటే సీటు కూడా ఎత్తుగా ఉంటుందనుకోవడం పొరపాటు, సీటుతో పాటు నేలా లేచింది మరి. సెడాన్‌లో ఎత్తు తక్కువైనా కాళ్ళు ముందుకు చాపుకోవచ్చు, సీటు ముందు అంచు కాస్త పైకి వాలి ఉంటుంది కాబట్టి తొడలకు ఆసరా దొరుకుతుంది. నాలుగు గంటల ప్రయాణం తరువాత దిగి తిన్నగా నడిచాను. ఎస్‌యూవీ నుంచి దిగాక మాత్రం నడుము సవరించుకోవడానికి కాసేపు డోరు పట్టుకుని నిలబడ్డాను.

ఇక మూడో వరుస. అక్కడ సీటు నేలకు 21 సెం.మీ. మాత్రమే ఉంది. దాన్ని కూర్చోవడం అనలేం, గొంతుకూర్చోవడం అనాలి. కింద వెనుక ఇరుసు ఉంటుంది, దాని కోసం నేలను ఎత్తక తప్పదు. కుదుపు కూడా నేరుగా అక్కడికే వస్తుంది. మా అన్నయ్య కొడుకుకు పదేళ్ళు, వాడు హాయిగా కూర్చున్నాడు. నేను పది నిమిషాలకే దిగిపోయాను. ఆ వరుస తెరిచి ఉంచితే దాని వెనుక రెండు సంచులకే చోటు, ఏడుగురి సామాను మాట మరచిపోవాలి.

ఇంతవరకూ సెడాన్ వైపే మాట్లాడాను. ఇప్పుడు అమ్మ సంగతి. ఆమెకు 74 ఏళ్ళు, కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. సెడాన్ ఎక్కేటప్పుడు మొదట వెనక్కి తిరిగి కూర్చుంది, తల వంచింది, తరువాత కాళ్ళు ఒక్కొక్కటిగా లోపలికి తెచ్చుకుంది. అంతవరకూ ఫరవాలేదు. దిగేటప్పుడే కష్టమైంది. సీటు రోడ్డుకు అంత దగ్గరగా ఉంటే లేవడానికి మోకాలు మరింత పని చేయాలి. నా చేయి పట్టుకుని రెండుసార్లు ప్రయత్నిస్తే గానీ లేవలేకపోయింది. ఎస్‌యూవీలో ఇది తలకిందులైంది. ఎక్కడానికి పక్కనున్న మెట్టు, పైనున్న పిడి రెండూ కావాల్సి వచ్చాయి, దిగేటప్పుడు మాత్రం అలా జారి నేల మీద నిలబడింది. ఆమె తుంటి ఎత్తుకు సరిపోయే సీటు ఈ రెండింటికీ మధ్య ఉండే క్రాసోవర్లలో దొరుకుతుంది. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్నవారుంటే బ్రోచర్ చదవకండి, వారిని తీసుకెళ్ళి ఎక్కించి దించి చూడండి.

తల దగ్గర ఎస్‌యూవీ రెండో వరుసకు పోటీ లేదు. నేను ఆరడుగులకు అంగుళం తక్కువ. సెడాన్ కప్పు వెనక్కి వాలుతుంది, పైగా సన్‌రూఫ్ కొంత తినేసింది, నా జుట్టు పైకప్పును రాసుకుంటూనే ఉంది. నడుము కిందికి జార్చి కూర్చుంటే సరిపోయింది, కానీ అది కూర్చునే పద్ధతి కాదు.

మధ్య సీటు రెండింటిలోనూ శిక్షే. సెడాన్‌లో మరీ ఎక్కువ, ఎందుకంటే నేల మధ్య దిబ్బలా లేచి ఉంటుంది, వీపు వెనుక మడిచిన చేతి ఆసరా గట్టిగా తగులుతుంది.

మలుపుల్లో తేడా తెలిసింది. ఎస్‌యూవీలో మనం ఎత్తున ఉంటాం కాబట్టి బండి ఒరిగినప్పుడల్లా తల అటూ ఇటూ ఊగుతుంది. అమ్మకు వికారం వచ్చింది. సెడాన్‌లో నిద్రపోయింది.

సీటు మెత్త సంగతి ఒక్క మాట. బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తాను. వేలు సులువుగా దిగిపోతే ఆ మెత్తదనం షోరూములో మురిపిస్తుంది, రెండు గంటల తరువాత అడుగున గట్టి పలక తగులుతుంది. మిత్రుడి సీట్లు అలాంటివే. ఆయన తోలు కుట్టు చూసి కొన్నాడు.

నిన్న ఆయన ఫోను చేశాడు, మూడో వరుసకు పది సెంటీమీటర్ల మందంతో మెత్త చేసివ్వమన్నాడు. ఇప్పటికే అక్కడ నా తలకూ కప్పుకూ మధ్య రెండు వేళ్ళ సందే ఉందని చెప్పాను. నమ్మలేదు. ఆదివారం టేపు తెస్తానన్నాను.