మనిషి చేశాడా, ఏజెంట్ చేసిందా: కంపెనీ ల్యాప్‌టాప్‌లలో తొమ్మిది నెలల పర్యవేక్షణ

మాదాపూర్‌లోని ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగుల ల్యాప్‌టాప్‌ల నిర్వహణ చూసే బృందంలో నేను పనిచేస్తున్నాను. మా దగ్గర దాదాపు 200 యంత్రాలున్నాయి. వాటిలో సగానికి పైగా విండోస్, మిగిలినవి మ్యాక్‌లు. అన్నీ ఇంట్యూన్‌లో (కంపెనీ యంత్రాలను దూరం నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ) నమోదైనవే. కోడ్ రాసే ఏఐ ఏజెంట్లను వాడుకోవచ్చని యాజమాన్యం అనుమతి ఇచ్చిన వారంలోనే, ఆ ఏజెంట్లు ఏ ఫైళ్లు తెరుస్తున్నాయో, ఏ కమాండ్లు నడుపుతున్నాయో, బయట ఏ సర్వర్లతో మాట్లాడుతున్నాయో తెలిసే ఏర్పాటు చేయమని మాకు చెప్పారు. ఆ ఏర్పాటును 9 నెలలుగా రోజూ వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది డబ్బు కట్టి తెచ్చుకున్న ఒకే ఉత్పత్తి కాదు. ఏజెంట్ తన గురించి తానే పంపే ఓపెన్‌టెలిమెట్రీ (ప్రోగ్రాములు తమ పనితీరు వివరాలను పంపే ఉమ్మడి ప్రమాణం) సమాచారం, యంత్రం వైపు నుంచి ప్రాసెస్‌లను (నడుస్తున్న ప్రోగ్రాములను) నమోదు చేసే సిస్‌మాన్, ఓఎస్‌క్వెరీ అనే సాధనాలు, ఈ రెండు ధారలనూ ఒకచోటికి చేర్చే కలెక్టర్ కలిసిన అమరిక.

మేము అనుమతించిన ఏజెంట్లు రెండు. ఒకటి టెర్మినల్‌లో నడిచే, ఆంత్రోపిక్ సంస్థ వారి క్లాడ్ కోడ్. రెండవది ఎడిటర్‌లో ఎక్స్‌టెన్షన్‌గా పనిచేసేది, దాని పేరు ఇక్కడ అవసరం లేదు. క్లాడ్ కోడ్‌లో ఓపెన్‌టెలిమెట్రీ సదుపాయం మొదట ఆపివేసి ఉంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో (ప్రోగ్రాముకు బయటి నుంచి ముందుగా అందించే విలువలు) దాన్ని తెరిచి, సమాచారం ఏ చిరునామాకు వెళ్లాలో చెప్పాలి. ఇవన్నీ నిర్వాహకుల సెట్టింగుల ఫైల్‌లో రాసి, అడ్మిన్ హక్కులు లేనివారు మార్చలేని ఫోల్డర్‌లో ఇంట్యూన్ ద్వారా పెట్టాము. ఉద్యోగి తన సొంత సెట్టింగులలో ఏమి రాసుకున్నా ఈ ఫైల్‌దే పైచేయి అవుతుంది. ఇంతవరకు పని ఒక్క మధ్యాహ్నంలో ముగిసింది. అయితే పాత ప్రాజెక్టుల పేరుతో కొందరికి అడ్మిన్ హక్కులు ఇంకా మిగిలే ఉన్నాయని తేలడంతో, వాటిని వెనక్కి తీసుకోవడానికి మూడు వారాలు పట్టింది. పర్యవేక్షణ మొదలుపెట్టే ముందే చూసుకోవలసిన విషయం అది. మేము తరువాత చూసుకున్నాము.

ఏజెంట్ పంపే సమాచారం రెండు రకాలుగా వస్తుంది. ఎన్ని సెషన్లు, ఎన్ని టోకెన్లు (ఏఐ చదివే, రాసే పాఠపు ముక్కలు), ఎన్ని వరుసల కోడ్, ఎంత ఖర్చు అనే కొలతలు మామూలుగా 60 సెకన్లకు ఒకసారి వస్తాయి. ఏ టూల్ (ఫైల్ మార్చడం, కమాండ్ నడపడం వంటి వాటికి ఏజెంట్ వాడే పనిముట్టు) నడిచింది, ఎంతసేపు పట్టింది, పని ఫలించిందా లేదా అనే సంఘటనలు 5 సెకన్లకు ఒకసారి వస్తాయి. మొదటి నెల మా పైఅధికారులు కొలతలనే చూశారు, ముఖ్యంగా ఖర్చును. ఆ ఖర్చు అంచనా మాత్రమేనని, అసలు బిల్లుతో పైసాకు పైసా సరిపోలదని ముందే చెప్పి ఉంటే ఆర్థిక విభాగంతో రెండు సమావేశాలు తప్పేవి. నా దృష్టిలో విలువైనవి సంఘటనలే. వాటిలోనూ ఒక చిన్న వివరం మిగతావాటన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది: ఒక టూల్ నడవడానికి అనుమతి ఎక్కడినుంచి వచ్చిందన్నది. సెట్టింగులలో ముందే ఉన్న అనుమతా, ఉద్యోగి ఆ ఒక్కసారికి ఒప్పుకున్నాడా, ఇకపై అడగవద్దని శాశ్వతంగా ఒప్పుకున్నాడా అన్నది అందులో విడివిడిగా ఉంటుంది. మొదటి వారాలలో అందరూ ఒక్కొక్క కమాండ్ చదివి అనుమతిస్తున్నట్టు కనిపించింది. రెండవ నెల వచ్చేసరికి శాశ్వత అనుమతులే ఎక్కువయ్యాయి. విధాన పత్రంలో మేము రాసుకున్న "ప్రతి చర్యనూ మనిషి సమీక్షిస్తాడు" అనే వాక్యం కాగితానికే పరిమితమైందని ఈ ఒక్క వివరం వల్లే తెలిసింది.

అయినా ఏజెంట్ తన గురించి తాను చెప్పేదాన్ని మాత్రమే నమ్ముకోవడం, గుమస్తా తన లెక్క తానే రాసి తానే తనిఖీ చేసుకున్నట్టు ఉంటుంది. ఏజెంట్ ఒక షెల్ స్క్రిప్టును (కమాండ్లు వరుసగా రాసిన ఫైల్‌ను) నడిపిందని దాని నివేదిక చెబుతుంది. ఆ స్క్రిప్టు లోపల ఇంకెన్ని ప్రోగ్రాములు పుట్టాయో చెప్పదు. పైగా మా రెండవ ఏజెంట్‌లో ఓపెన్‌టెలిమెట్రీ సదుపాయమే లేదు. అందుకే యంత్రం వైపు నుంచి కూడా చూడవలసి వచ్చింది, ఈ పని మొత్తంలో అసలైన చిక్కు కూడా అక్కడే ఎదురైంది. ఏజెంట్‌కు వేరే యూజర్ ఖాతా ఉండదు. అది ఉద్యోగి ఖాతాతోనే, ఉద్యోగికి ఉన్న హక్కులన్నిటితోనే నడుస్తుంది కనుక, ఆపరేటింగ్ సిస్టం లాగ్‌లో ఫైల్ తొలగించినది ఎవరని చూస్తే, ఉద్యోగి తొలగించినా ఏజెంట్ తొలగించినా ఒకే పేరు కనిపిస్తుంది.

దీనికి మేము నమ్ముకున్నది ప్రాసెస్‌ల వంశవృక్షం. విండోస్‌లో సిస్‌మాన్ ఒకటవ నంబరు సంఘటన, కొత్తగా పుట్టిన ప్రతి ప్రాసెస్‌తో పాటు దాని కమాండ్ లైన్‌నూ, దాన్ని పుట్టించిన తల్లి ప్రాసెస్ గుర్తింపునూ నమోదు చేస్తుంది. విండోస్ మామూలుగా ఇచ్చే ప్రాసెస్ నంబర్లు మళ్లీ మళ్లీ వాడుకలోకి వస్తాయి కనుక వాటిని నమ్మి వెనక్కి నడిస్తే దారి తప్పుతాము. సిస్‌మాన్ ఇచ్చే ప్రత్యేక గుర్తింపుతో ఆ బాధ లేదు. మ్యాక్‌లలో ఓఎస్‌క్వెరీ ద్వారా ఇదే పని చేస్తున్నాము. దానికి ఫుల్ డిస్క్ యాక్సెస్ అనుమతిని ఇంట్యూన్ ప్రొఫైల్ ద్వారా ముందుగా ఇవ్వకపోతే అది నడుస్తున్నట్టే కనిపిస్తుంది, సంఘటనలు మాత్రం రావు. నాలుగు రోజులు ఖాళీ పట్టికలను చూస్తూ, మా మ్యాక్ వాడుకరులు ఎంత బుద్ధిమంతులో అనుకున్నాము.

వంశవృక్షం కూడా అన్నిచోట్లా నిలబడదు. ఎడిటర్ లోపలి టెర్మినల్‌లో ఉద్యోగి తానే టైపు చేసినా, ఎక్స్‌టెన్షన్ ఏజెంట్ నడిపినా తల్లి ప్రాసెస్ ఆ ఎడిటరే అవుతుంది. నేపథ్యంలో వదిలేసిన ప్రాసెస్ తన తల్లి ముగిసిపోయాక అనాథగా మారి, గొలుసు తెగుతుంది. క్లాడ్ కోడ్ విషయంలో ఒక సౌకర్యం ఉంది: అది తెరిచే షెల్‌లలో తన పేరుతో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడుతుంది, పిల్ల ప్రాసెస్‌లకు అది వారసత్వంగా వస్తుంది, కనుక మ్యాక్‌లలో గొలుసు తెగినా ఆ గుర్తుతో పట్టుకోగలుగుతున్నాము. రెండవ ఏజెంట్ దగ్గర మేము చేసేది ఇప్పటికీ ఊహే. సమయం, కమాండ్ వేగం, వరుసక్రమం చూసి "బహుశా ఏజెంట్" అని ఒక గుర్తు పెడతాము. ఆ గుర్తు ఆధారంగా ఎవరినీ సంజాయిషీ అడగకూడదని మా బృందంలో రాసిపెట్టుకున్నాము.

మా పెద్ద పొరపాటు వేరొకటి ఉంది. విండోస్ యంత్రాలలో బ్యాకెండ్ బృందం దాదాపు మొత్తంగా డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే సదుపాయం) లోపలే పనిచేస్తుంది. డబ్ల్యూఎస్‌ఎల్ రెండవ రూపం ఒక వర్చువల్ యంత్రం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్. విండోస్ వైపు ఉన్న సిస్‌మాన్‌కు దాని లోపల జరిగేది కనపడదు. విండోస్ ఫోల్డర్‌లో మేము పెట్టిన సెట్టింగుల ఫైల్‌ను లోపలి లినక్స్‌లో నడిచే ఏజెంట్ చదవలేదు, ఎందుకంటే అది లినక్స్‌లో తనకు నిర్ణయించిన చోట మాత్రమే వెతుకుతుంది. అంటే ఏజెంట్లను అందరికంటే ఎక్కువగా వాడే బృందం ఆరు వారాలపాటు రెండు ధారలకూ బయటే ఉండిపోయింది. డ్యాష్‌బోర్డులో వారి వాడకం తక్కువగా కనిపిస్తుంటే, వారు ఇంకా అలవాటు పడలేదని నేనే ఒక నివేదికలో రాశాను. ఇప్పుడు కంపెనీ తయారు చేసిన డబ్ల్యూఎస్‌ఎల్ ఇమేజ్‌ను (ముందే సిద్ధం చేసిన లినక్స్ నకలును) మాత్రమే అనుమతిస్తున్నాము. సెట్టింగుల ఫైల్, లినక్స్ వైపు లాగింగ్ రెండూ అందులో ముందే ఉంటాయి. డాకర్ డెవలప్‌మెంట్ కంటైనర్లకు (యంత్రం లోపల విడిగా ఉంచిన పని పరిసరాలకు) కూడా ఇదే మందు. ఇలాంటి ఏర్పాటు కొత్తగా చేసేవారు మొదట అడగవలసింది ఎవరెవరు ఏ పొర లోపల పనిచేస్తున్నారనే.

ల్యాప్‌టాప్ అన్నది సర్వర్ కాదు. శుక్రవారం సాయంత్రం మూత పడుతుంది, ఇంటి దగ్గర కరెంటు పోతే వైఫై పోతుంది. కలెక్టర్ పంపవలసిన సమాచారాన్ని మామూలుగా మెమరీలోనే దాచుకుంటుంది కనుక, యంత్రం ఆగిపోతే ఆ వరుస కాస్తా పోతుంది. దాన్ని డిస్క్ మీద దాచేలా మార్చిన తరువాత సోమవారం ఉదయాలు వచ్చే ఖాళీలు దాదాపు మాయమయ్యాయి. గడియారాల విషయం కూడా చిన్నదేమీ కాదు. లాగ్‌లు యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రమాణ సమయం) ఉంటాయి, మనుషులు మన సమయంలో మాట్లాడతారు. రాత్రి 11:40కి జరిగిందని చెప్పిన సంఘటన లాగ్‌లో సాయంత్రం 6:10కి ఉందని గుర్తు రాక, ఒకసారి గంటన్నర వృథా చేశాము.

పర్యవేక్షణ సంగతి చెప్పిన రోజున ఒక కుర్రవాడు అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, నేను దాన్ని ఏం అడిగానో కూడా మీకు కనిపిస్తుందా?" అని. కనిపించదు. ప్రాంప్ట్ (ఏజెంట్‌ను అడిగిన మాటలు) పొడవు మాత్రమే నమోదవుతుంది, పాఠం కావాలంటే వేరుగా తెరవాలి. ప్రయోగం కోసం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఐదుగురి దగ్గర రెండు వారాలు తెరిచి చూశాము. రహస్యాలను చెరిపేసే వడపోత పెట్టినా, ఒకరు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగులో "డేటాబేస్‌కి ఇది వాడు" అని రాసి పాస్‌వర్డ్ అతికించారు. మా వడపోత పాస్‌వర్డ్ అనే మాట కోసమే చూస్తోంది, అక్కడ ఆ మాటే లేదు. ఆ రోజే పాఠం నమోదును ఆపేశాము, ఆ లాగ్‌ను చెరిపేశాము, పాస్‌వర్డ్ మార్పించాము. దొంగతనం పట్టడానికి పెట్టిన పుస్తకంలో మనమే తాళంచెవులు దాచిపెట్టినట్టు కాకూడదు కదా. కమాండ్ లైన్లలో కూడా రహస్యాలు వస్తాయి. వాటిని కలెక్టర్ దగ్గరే, యంత్రం దాటకముందే చెరపాలి.

చట్టం వైపు మేము చూసుకున్నవి రెండు. సైబర్ సంఘటనలపై సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు దేశంలోనే భద్రపరచాలి, సంఘటనలను 6 గంటలలో తెలియజేయాలి. ఏజెంట్ లాగ్‌లు కూడా ఈ పరిధిలోనివేనని భావించి, వాటిని క్లౌడ్ హైదరాబాద్ రీజియన్‌లోనే, ఎవరూ మార్చలేని రీతిలో ఉంచుతున్నాము. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాలకూ, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికీ డేటాను వాడే వీలు కల్పిస్తుంది. దాన్ని చూపించి ఉద్యోగులకు చెప్పకుండా నడిపేద్దామన్నవారు మాలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏమేమి నమోదవుతుందో, ఏమి నమోదుకాదో రెండు పేజీలలో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి పంచాము. అది పంచాక పర్యవేక్షణను తప్పించుకునే ప్రయత్నాలు పెరుగుతాయని కొందరు భయపడ్డారు. నేనైతే ఒక్కటీ చూడలేదు.

హెచ్చరికల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫోల్డర్ మొత్తాన్ని తొలగించే కమాండ్ మీద పెట్టిన హెచ్చరిక, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఫోల్డర్లను తీసివేసిన ప్రతిసారీ మోగి, వారంలోపే అందరి మెయిల్‌లోనూ చెత్తగా మారింది. ఇప్పుడు మూడే మిగిలాయి: ఎస్‌ఎస్‌హెచ్ తాళాల (ఇతర సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే రహస్య ఫైళ్ల) ఫోల్డర్‌ను ఏజెంట్ సంతతి ప్రాసెస్ తాకడం, మేము ఆమోదించని ఎంసీపీ సర్వర్ (ఏజెంట్‌కు బయటి సాధనాలను, డేటాను అందించే ప్రోగ్రాం) మొదలవడం, సెట్టింగుల ఫైల్ యంత్రంలో లేకపోవడం. మూడవదే ఎక్కువగా మోగుతుంది, దాని వల్లే ఎక్కువ లాభం కలిగింది.

ఒక వ్యక్తి వివరాల దాకా లాగ్ తెరవాలంటే ఇద్దరి సంతకం కావాలని నియమం పెట్టుకున్నాము. 9 నెలలలో అలా తెరిచింది నాలుగు సార్లు. చివరిది నా ల్యాప్‌టాప్‌దే: అర్ధరాత్రి దాటాక నా పేరుతో ఒక బ్రాంచ్‌లోకి కోడ్ వెళ్లింది, నేను మాత్రం పంపలేదని గట్టిగా వాదించాను. తెరిచి చూస్తే ఆ కమాండ్ నడిపింది ఏజెంట్. దానికి శాశ్వత అనుమతి ఇచ్చింది మూడు వారాల క్రితం, భోజనానికి వెళ్లే తొందరలో, నేనే.