ప్రామ్ కొనే ముందు సీటు కింద స్టిక్కరు గోకి చూడండి

నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా నిద్ర లేదు, అది పాప ఏడుపు వల్ల కాదు. ఇంకా ఒళ్లు మండిపోతూనే ఉంది కాబట్టి ముందుది వెనక, వెనకది ముందు రాస్తే ఏమీ అనుకోకండి. విజయవాడలో పసిపిల్లకి ప్రామ్ (చక్రాల బండి) కొనాలా, స్లింగ్ (పిల్లని ఒంటికి కట్టుకునే గుడ్డ) కొనాలా అని ఆలోచిస్తున్నవాళ్లు ఇది చదివాకే షాపుకి వెళ్లండి.

షాపు పేరు రాయను. ఏ షాపో చాలామందికి చెప్పకుండానే తెలిసిపోతుంది. గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు తిరిగి పిల్లల సామాన్లు కొన్నవాళ్లు ఒక్కసారైనా అందులోకి వెళ్లే ఉంటారు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ‘అమ్మా, చెల్లెమ్మా’ అని మాట్లాడతారు.

నాకు సిజేరియన్ అయింది. పాప పుట్టినప్పుడు 2 కిలోల 600 గ్రాములు. ఈ రోజుకి 25 రోజులు. పుట్టింట్లో, సత్యనారాయణపురంలో ఉన్నాను. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా ఆయనది హైదరాబాదులో ఉద్యోగం, శని ఆదివారాలు వచ్చి వెళ్తారు. పిల్లల డాక్టరు సూర్యారావుపేటలో. ఆరు వారాలకి టీకా ఉంది, తర్వాత పదికి, పద్నాలుగుకి. పాపని ఎలా తీసుకెళ్లాలన్నదే మా టెన్షన్ అంతా.

నాకు మొదట్నుంచీ స్లింగే కావాలనిపించింది. మెట్లు దిగాలన్నా, ఆటో ఎక్కాలన్నా పిల్ల ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. హాస్పిటల్లో నా పక్క బెడ్ ఆవిడకి బరువు తక్కువ బాబు పుడితే, నర్సులే బాబుని ఆవిడ గుండెలకి ఆనించి గుడ్డతో కట్టారు. కంగారూ కేర్ అంటారట. ఆవిడ అలా గంటలు గంటలు కూర్చునేది, బాబు వెచ్చగా నిద్రపోయేవాడు. అది చూసినప్పటి నుంచి మనసులో ఉంది. అమ్మ ఒప్పుకోలేదు. “నాట్లకెళ్లేవాళ్లు కూడా గట్టు మీద చెట్టుకి చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవాళ్లే, మెడ నిలవని పిల్లని ఒంటికి కట్టుకుని ఎవరు తిరిగారే” అంది. పైగా సాయంత్రం పూట బీఆర్‌టీఎస్ రోడ్డు మీద మనవరాలిని బండిలో తిప్పాలని తన ఆశ. అదీ తప్పని అనలేను.

ఆదివారం మా ఆయన, తమ్ముడు షాపుకి వెళ్లారు. మర్నాడు బారసాల, ఇల్లంతా చుట్టాలు, నేను మంచం మీద నుంచి వీడియో కాల్‌లో చూస్తున్నాను. స్లింగ్ చూపించమన్నాను. షాపాయన ఫోను మా ఆయన చేతిలోంచి తీసుకుని నాతోనే మాట్లాడాడు. “చెల్లెమ్మా, నువ్వు బాలింతవి, నీకు అబద్ధం చెప్తే నాకు పుట్టగతులుండవు. స్లింగ్ జోలికి పోవద్దు. అమెరికాలో పిల్లలు ఊపిరాడక పోయారు, కావాలంటే ఫోన్‌లో కొట్టి చూసుకో” అన్నాడు. నేను అక్కడికక్కడే కొట్టి చూశాను. నిజమే. అక్కడ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ కమిషన్ 2010 మార్చిలో హెచ్చరిక ఇచ్చింది. అంతకు ముందు 20 ఏళ్లలో స్లింగుల వల్ల కనీసం 14 మంది పసిపిల్లలు చనిపోయారని, వాళ్లలో 12 మంది నాలుగు నెలల లోపు వాళ్లేనని చదివేసరికి నా గుండె జారిపోయింది. నిజం చెప్పాడు కదా, మంచి మనిషి అనుకున్నాను. ఆ ఒక్క నిజం చూసి తర్వాత చెప్పినవన్నీ నమ్మాను.

“ఈ బండి పుట్టిన రోజు నుంచీ పనికొస్తుంది. పూర్తిగా వాలుతుంది. మా ఇంట్లో మనవరాలికి రెండు నెలలు, దానికీ ఇదే” అన్నాడు. సీటు వెనక్కి నొక్కి చూపించాడు కూడా. కెమెరాలో పైనుంచి చూస్తే చదునుగా ఉన్నట్టే ఉంది. 8,500 అయింది. మా ఆయన ఫోన్‌లో కొట్టేశారు. బిల్లు అడిగితే “బిల్లు వేస్తే ట్యాక్స్ పడుతుంది, మనలో మనకెందుకన్నా” అని ఓ చీటీ రాసిచ్చాడు. పైన ఎస్టిమేట్ అని అచ్చేసి ఉంది. అది మేం చూసుకోలేదు. చదువుకున్నవాళ్లం, ముగ్గురం ఉన్నాం, ఒక్కరికీ తోచలేదు. ఇది తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

మంగళవారం పొద్దున పాపకి స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, అమ్మ మొదటిసారి బండిలో పడుకోబెట్టింది. సీటు మొత్తం వాల్చాం. వాలింది, కానీ చదునుగా కాదు. పడక్కుర్చీ ఎలా వాలుతుందో అంతే. పాప ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. అమ్మ వసారాలో అటూ ఇటూ తిప్పుతోంది. నేను పాల గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. చిన్న చప్పుడు వినిపించింది, ముక్కు దిబ్బడేసినప్పటి గురకలా. అమ్మ “హాయిగా గురకెడుతోంది చూడు” అంది. నేను లేచి చూశాను. పాప కిందికి జారి, ఒళ్లు ముడుచుకుపోయి ఉంది. తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది. గడ్డానికీ ఛాతీకీ మధ్య నా చిటికెన వేలు పట్టేంత జాగా కూడా లేదు. పెదాల చుట్టూ రంగు మారిందో, నా భయానికి అలా కనిపించిందో ఇప్పటికీ తేల్చుకోలేను. కుట్లు లాగుతున్నా ఒక్క ఉదుటున ఎత్తుకున్నాను. భుజాన వేసుకోగానే పెద్దగా ఊపిరి తీసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నేను ఊపిరి పీల్చుకున్నాను.

తమ్ముడు వచ్చాక బండిని తిరగేయమన్నాను. సీటు కింద, ఇనప రాడ్డుకి కుట్టిన గుడ్డ పట్టీ మీద తెల్ల స్టిక్కరు ఉంది, ‘0 నుంచి 3 సంవత్సరాలు’ అని. స్టిక్కరు అంచు కాస్త లేచి, కింద నల్ల అక్షరం తోక కనిపిస్తోంది. గోటితో గోకితే రాలేదు. కొబ్బరి నూనె రాసి పావుగంట వదిలేసి, మెల్లగా లాగాం. కింద కంపెనీ వాళ్లు గుడ్డ మీదే అచ్చేసిన మాట చక్కగా బయటపడింది: ‘6 నెలల నుంచి 36 నెలలు. 6 నెలల లోపు పిల్లలకు వాడరాదు.’ కంపెనీ రాసిన హెచ్చరిక మీదే స్టిక్కరు అంటించి నాకు అమ్మాడు. పాత సరుకు, తక్కువ సరుకు అంటగట్టాడంటే డబ్బు పోయింది అనుకుని ఊరుకునేదాన్ని.

బుధవారం డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాం. పాప బాగానే ఉందన్నారు. ఆవిడ చెప్పింది అందరికీ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. పసిపిల్లల మెడ గట్టిపడటానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. తల బరువు, శ్వాసనాళం సన్నం. గడ్డం ఛాతీకి ఆనితే ఆ సన్నని దారి మడత పడుతుంది, తలెత్తుకునే శక్తి పిల్లకి ఉండదు, ఏడవడానికి కూడా ఊపిరి చాలదు. అందుకే అప్పుడే పుట్టిన పిల్లలకి ప్రామ్ అంటే పూర్తిగా చదునుగా పడుకోబెట్టేది. కూర్చోబెట్టే బండి, ఆసరాతో కూర్చోగలిగాకే, అంటే ఆరు నెలల ప్రాంతంలో. స్లింగులో పిల్లలు పోయిన కారణాల్లో కూడా ఇదే ముఖ్యమైనదట. ఆ మాట వినగానే నాకు ఒళ్లు జలదరించింది. ఏ ప్రమాదం చెప్పి నన్ను స్లింగ్ మాన్పించాడో, అదే ప్రమాదాన్ని చక్రాలు పెట్టి నా ఇంటికి పంపాడు.

స్లింగ్ అసలు వద్దని ఆవిడ అనలేదు. కట్టే పద్ధతి తెలియాలన్నారు. పిల్ల మొహం మనకి ఎప్పుడూ కనిపిస్తుండాలి, ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి, గడ్డం కింద ఖాళీ ఉండాలి, వీపు జారకుండా గుడ్డ బిగుతుగా ఉండాలి, కాళ్లు కప్పకాళ్లలా విడిగా, మోకాళ్లు పిరుదుల కంటే పైకి ఉండాలి. సంచీలా వేలాడే వాటిలో పిల్ల లోపలికి ముడుచుకుపోతుంది, అవి వద్దు. ఏదైనా సరే దాని మీద రాసిన కనీస బరువు చూడాలి. నీ కుట్లు మానాక, పాప ఇంకాస్త బరువు పెరిగాక నా ముందే కట్టి చూపించు అన్నారు.

ఇక నిన్నటి సంగతి. పాపని పిన్ని దగ్గర పడుకోబెట్టి, నేను, అమ్మ, తమ్ముడు ఆటోలో బండి వేసుకుని వెళ్లాం. బాలింత గడప దాటకూడదని అమ్మ గొణుగుతూనే వచ్చింది. షాపు నిండా జనం. అతను నన్ను గుర్తుపట్టాడు. నాకు తెలుసు గుర్తుపట్టాడని, ఎందుకంటే కళ్లు ముందు బండి మీద పడ్డాయి, తర్వాత నా మీద, వెంటనే పక్కకి తిప్పుకున్నాడు. “చెప్పండి మేడం” అన్నాడు. ఆదివారం చెల్లెమ్మని, గురువారానికి మేడం అయ్యాను.

నేను అరవలేదు. స్టిక్కరు, దాని కింద అచ్చు చూపించాను. “అది కంపెనీ వాళ్లు అంటించింది, మాకేం తెలుసు” అన్నాడు. కౌంటరు పక్కనే అదే సైజు, అదే రాతతో స్టిక్కర్ల చుట్ట కనిపిస్తోంది. తమ్ముడు దాన్ని చూపించాడు. అతను తీసి సొరుగులో పడేశాడు, మా కళ్ల ముందే. తర్వాత “బిల్లు ఉందా?” అన్నాడు. చీటీ ఇచ్చాం. “ఇది ఎస్టిమేట్. మా దగ్గర కొన్నట్టు ఏముంది ఇందులో?” అన్నాడు.

అప్పుడు నాకు ఆగలేదు. “మీ మనవరాలికీ ఇదే బండి అన్నారు. రెండు నెలల పిల్లని మీరు ఇందులోనే పడుకోబెడుతున్నారా? అలాగైతే ముందు ఇంటికి ఫోన్ చేసి తీయించండి” అన్నాను. నిజంగానే అన్నాను. పొద్దుట్నుంచీ ఆ పిల్ల కూడా నా మనసులో తిరుగుతోంది. అతను ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి నవ్వి, “మనవరాలా? అమ్మకం అన్నాక వంద చెప్తాం మేడం, అవన్నీ పట్టుకుని వస్తారా” అన్నాడు.

ఆ నవ్వు నేను మర్చిపోలేను. డబ్బు ఇవ్వనంటే ఇంత బాధ లేదు. లేని మనవరాలిని ఒకదాన్ని పుట్టించి, మంచం దిగలేని నాతో ఫోన్‌లో ఆ పిల్ల సంగతులు చెప్పాడు. నేను “పాప పేరేంటి అన్నయ్యా” అని కూడా అడిగాను ఆ రోజు. పేరు కూడా చెప్పాడు.

అమ్మ ఏడ్చింది. అమ్మని చూసి అతను “పిల్లని పెట్టుకోవడం చేతకాక షాపుల మీదకొస్తారు” అని, కుర్రాడితో బండిని బయట మెట్ల మీద పెట్టించాడు. అక్కడ ఇద్దరు ముగ్గురు కొనుక్కునేవాళ్లు ఉన్నారు, ఒకావిడకి ఏడో నెలో ఎనిమిదో నెలో ఉంటుంది. ఆవిడ చేతిలోనూ అదే రకం బండి హ్యాండిల్ ఉంది. “వద్దమ్మా, సీటు కింద చూడు” అని చెప్పి బయటకొచ్చేశాను. ఆవిడ వంగి చూడటం అద్దంలోంచి కనిపించింది.

ఈ పొద్దున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మా పక్కింటి లాయరు గారు ధైర్యం చెప్పారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినదానికి బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుందట. లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వాలట. ఫోన్‌లో డబ్బు కొట్టిన వివరం చాలా గట్టి ఆధారమన్నారు. హెల్ప్‌లైన్‌లో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాం. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

కొనేవాళ్లు ఇంత చేయండి చాలు. సీటు వాల్చి పక్క నుంచి, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. తల, నడుము ఒకే వరసలో నేలకి సమంగా ఉంటేనే పసిపిల్లకి. సీటు కింద కంపెనీ పట్టీ చదవండి, దాని మీద ఏదైనా అంటించి ఉంటే అక్కడే గోకండి. ఎస్టిమేట్ చీటీ తీసుకోకండి. వీడియో కాల్‌లో కొనకండి.

బండి ప్రస్తుతం మా మెట్ల కింద ఉంది. ఆధారం కాబట్టి కేసు తేలేదాకా ఉంచుతాను. చుట్టాల్లో ఒకరు సగం ధరకి ఇచ్చేయమన్నారు, వాళ్లింట్లో నెల పిల్లాడు. ఇవ్వనన్నాను, ఎందుకో కూడా చెప్పాను. రెండు వారాల్లో టీకా. తమ్ముడు ముందు దిగుతాడు, అమ్మ సంచీ పట్టుకుంటుంది, పాపని నేనే రెండు చేతులతో ఎత్తుకుని ఒక్కో మెట్టూ దిగుతాను.