ఉక్కపోతలో సూలా షెనిన్ బ్లాంక్: మా డాబా మీద ట్రయల్

మొన్న ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీలో మా డాబా మీద ఎనిమిది మందిమి కూర్చున్నాం. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్క, అందులో విస్కీ ఏం తాగుతాంలే అని సూలా షెనిన్ బ్లాంక్ రెండు సీసాలు తెచ్చాను. సూలా అన్నది నాసిక్ కంపెనీ, షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసిన వైట్ వైన్ ఇది. కాస్త తియ్యగా ఉంటుంది కాబట్టి కాక్‌టెయిల్‌లో చక్కెర పాకం కలపక్కర్లేదు, నాకు నచ్చింది అదే.

షాపులో మాత్రం (పేరెందుకులెండి) సీసాలు ఎండ తగిలే అరలో పెట్టారు, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. వేడికి వైన్ రుచి పోతుంది, లోపలి వరసలోవి అడిగి తీసుకోండి. ఇంటికొచ్చి బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి అరగంట ఉంచితే చల్లబడ్డాయి.

వైన్ ఎంతో సోడా అంత, నిమ్మ చెక్క, నలిపిన పుదీనా. దీన్నే స్ప్రిట్జర్ అంటారు. సోడా ఆఖర్న పోసి ఒక్కసారి తిప్పి వదిలేయాలి, మా తోడల్లుడు మజ్జిగ చిలికినట్టు చిలికేశాడు, గ్యాసంతా పోయి మొదటి జగ్గు చప్పగా తగలడింది. రెండో జగ్గులో తాటి ముంజలు తొక్క తీసి ముక్కలుగా వేశాను. వైన్ పీల్చుకున్న ముంజ చల్లగా నాలుక మీద జారుతుంటే, అసలు వైనే వద్దన్న మా వదిన స్పూను పట్టుకుని జగ్గు అడుగున వెతకడం మొదలెట్టింది.

స్పెయిన్‌లో ఎండాకాలం రెడ్ వైన్‌లో నిమ్మ సోడా కలుపుకుంటారు, తింతో దె వెరానో అని. వచ్చే ఆదివారం గోళీ సోడాతో అదే.