కొత్తపేట నుంచి కొత్తపేటకి: పిన్‌కోడ్, డిజిపిన్ రెండూ వాడి చూశాక

ముందే మార్కులు చెప్పేస్తాను. 1972 నుంచి నడుస్తున్న పిన్‌కోడ్‌కి ఐదుకి ఐదు, 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్‌కి, అంటే ప్రతి చిన్న చోటుకీ విడిగా ఇచ్చే కోడ్‌కి, మూడున్నర. ఈ రెండిటినీ పట్టించుకోకుండా ఊరి పేరు మాత్రమే చూసి పార్శిల్ పంపే ప్రైవేటు కొరియర్ ఒకటుంది, దానికెంతో కింద చెప్తాను. పేరు రాయను, అలాంటివి ఊరికి నాలుగున్నాయి.

మేం ఉండేది హైదరాబాద్ కొత్తపేటలో, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ దగ్గర. మా అత్తగారి ఊరు కూడా కొత్తపేటే, కాకపోతే అది కోనసీమలో రావులపాలెం దగ్గరుండే కొత్తపేట. పెళ్లిచూపుల నాటి నుంచీ దీని మీద జోకులు అయిపోయాయి కాబట్టి అవి మళ్లీ వేయను. కానీ రెండు కొత్తపేటల మధ్య సామాను పంపడం మొదలుపెట్టాక మాత్రం ఇది జోకు కాదని అర్థమైంది. పైగా ఇవి రెండే కాదు కదా, గుంటూరులో ఆసుపత్రులన్నీ ఉండే కొత్తపేట ఉంది, విజయవాడ వన్‌టౌన్‌లో కొత్తపేట ఉంది, చీరాలలో ఇంకో కొత్తపేట ఉంది.

అసలు ఇన్ని ఎందుకున్నాయంటే, పేట అంటే మొదట్లో వ్యాపారం జరిగే చోటు, అంగళ్ల చుట్టూ పెరిగిన బస్తీ. తమిళంలో పేట్టై, కన్నడంలో పేటె, మరాఠీలో పేఠ్, అన్నీ ఆ బాపతువే. బెంగళూరు చిక్కపేట, పుణెలో వారాల పేర్లతో ఉండే పేఠ్‌లు చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక రాజో జమీందారో పూనుకుని పేట కట్టిస్తే దానికి మనిషి పేరు పడేది. బేతవోలుకి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెడితే జగ్గయ్యపేట అయింది, అట్లూరు అనే ఊరు మల్‌రాజు నరసారావు పేరు మీద నరసరావుపేట అయింది. అలాంటి పెద్దమనిషి దొరకని చోట, పాత ఊరికి ఆనుకుని ఇళ్లూ కొట్లూ లేస్తే జనం ఏమంటారు? కొత్తపేట అంటారు. గుంటూరులో పాత గుంటూరు అనే మాట ఇప్పటికీ ఉంది కాబట్టి అక్కడ కొత్తపేట దేనికి కొత్తో తెలుస్తుంది. చాలా చోట్ల ఆ జత పేరు పోయి ఈ కొత్త ఒక్కటే మిగిలింది, నూరేళ్లు దాటినా కొత్తే. కొత్తపల్లి, కొత్తూరు, కొత్తగూడెం అన్నీ ఇదే వరస. నన్నడిగితే వీటిని పేర్లనడం కంటే గుర్తులనడం నయం, పక్క ఊరివాడికి పనికొస్తాయి, రెండు జిల్లాల అవతల ఉన్నవాడికి పనికిరావు.

ఈ తికమక మనవాళ్లకి తెలియక కాదు. మనుషులకి ఇంటిపేరులో మొదటి అక్షరం తగిలించినట్టే ఊళ్లకీ ఇనీషియల్ తగిలించారు. ఉప్పాడ పక్కనున్నది యు.కొత్తపల్లి, శృంగవరపుకోట ఎస్.కోట, సర్వసిద్ధి రాయవరం ఎస్.రాయవరం. విమానాలు దిగే గన్నవరం వేరు, కోనసీమలో పి.గన్నవరం వేరు. ఘన్‌పూర్‌కి స్టేషన్ అనే మాటే ముందు చేరిపోయింది. ఉత్తరాల మీదైతే ‘వయా రావులపాలెం’ అని రాసేవాళ్లు. మా మావయ్యగారు ఇప్పటికీ అలాగే రాస్తారు, నాకు తెలిసి ఆయన రాసిన ఉత్తరం ఒక్కటీ దారి తప్పలేదు.

ఇక పిన్‌కోడ్. 1972 ఆగస్టు 15న మొదలుపెట్టారు, తయారుచేసినాయన శ్రీరాం భికాజీ వేలంకర్, తపాలా ఉద్యోగం చేస్తూనే సంస్కృతంలో కవిత్వం రాసిన మనిషి. ఒకే పేరుతో బోలెడు ఊళ్లు, ఒక్కో ఉత్తరం మీద ఒక్కో భాష, ఒక్కో స్పెల్లింగు, వీటి బాధ పడలేకే ఆరంకెలు తెచ్చారు. మొదటి అంకె ప్రాంతం, మొదటి మూడు కలిపితే ఉత్తరాలు విడగొట్టే జిల్లా, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసు. మన కొత్తపేటల మీద పెట్టి చూడండి: హైదరాబాద్‌ది 500తో మొదలవుతుంది, విజయవాడది 520, గుంటూరుది 522, చీరాలది 523, కోనసీమది 533. ఐదిటికీ మొదటి మూడంకెల్లోనే తేడా తెలిసిపోయింది, ఊరి పేరు చదవక్కర్లేదు, స్పెల్లింగుతో పనే లేదు. ఇంగ్లీషులో కొత్తపేట రాయమంటే టీ ఒకటా రెండా, మధ్యలో హెచ్ ఉందా లేదా, చివర ఏ పెట్టాలా వద్దా అని ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. హైదరాబాద్ బోర్డుల మీద ఆ చివరి ఏ ఉండదు, కోనసీమలో ఉంటుంది. కంప్యూటర్‌కి అవి రెండు వేరే ఊళ్లు, లేదా దాని మూడ్‌ని బట్టి రెండూ ఒకటే.

ఆ కొరియర్‌తో జరిగింది ఇదే. మావయ్యగారికి మోకాలి బెల్టు, మందులు, ఒక చిన్న మిక్సీ జార్ పంపాను. పిన్‌కోడ్ రాసే ఇచ్చాను. కౌంటర్‌లో కుర్రాడు ఊరి పేరు కొట్టాడు, కింద లిస్టులో మొదట వచ్చిన కొత్తపేట నొక్కాడు, రసీదు చేతికిచ్చాడు. రసీదు మీద నా చిరునామాలోనూ ఆయన చిరునామాలోనూ ఊరు ఒకటే ఉంది, అది తప్పుగా కనిపించడానికి అవకాశమే లేదు కదా! పార్శిల్ హైదరాబాద్ దాటలేదు. ట్రాకింగ్‌లో మాత్రం ‘గమ్యస్థానానికి చేరింది’ అని వచ్చింది, ఒకరకంగా నిజమే. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ వాళ్లు చిరునామా సరిగా లేదన్నారు. పిన్‌కోడ్ చూడలేదా అంటే, మా సిస్టమ్‌లో ముందు ఊరు తీసుకుంటుంది సార్ అన్నారు. అంటే తపాలా శాఖ 1972లో తీర్చేసిన చిక్కుని వీళ్లు సాఫ్ట్‌వేర్ రాసి మళ్లీ తెచ్చుకున్నారన్నమాట. తర్వాత అదే సామాను స్పీడ్ పోస్ట్‌లో పంపాను, కౌంటర్‌లో ఆవిడ మొదట అడిగింది పిన్ నంబరే. చక్కగా చేరింది.

పిన్‌కోడ్‌లో లోటు లేదని కాదు. ఏ కొత్తపేటో చెప్తుంది గానీ ఆ కొత్తపేటలో ఏ ఇల్లో చెప్పదు. మా నంబరు కిందే ఎన్నో కాలనీలు వస్తాయి, రోడ్ నంబర్ 2 అనేది ప్రతి కాలనీలోనూ ఉంటుంది. అక్కడ పనికొస్తుందనే డిజిపిన్ చూశాను. దీన్ని తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ)తో కలిసి చేసింది. దేశం మొత్తాన్నీ గళ్లుగా కోసి, ప్రతి గడినీ మళ్లీ పదహారు ముక్కలు చేస్తూ పది మెట్లు దిగితే చివరికి మిగిలేది దాదాపు నాలుగు మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న చోటు. మన ముందుగదంత అనుకోండి. దానికి పది అక్షరాల కోడ్. సైట్ తెరిచి లొకేషన్ ఆన్ చేస్తే వచ్చేస్తుంది, డబ్బులేం అడగదు. అక్షరాలు ఏరుకోవడంలో కూడా బుర్ర పెట్టారు, సున్నా, ఒకటి అంకెలు లేవు, ఓ, ఐ అక్షరాలు లేవు, కాబట్టి సున్నానా ఓనా అనే గొడవ రాదు. పక్కపక్క చోట్లకి సాధారణంగా మొదటి అక్షరాలు కలుస్తాయి, చివరి అక్షరం తప్పు రాస్తే కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. మొదటి అక్షరం తప్పితే మాత్రం మీ పార్శిల్ బంగాళాఖాతంలో పడ్డా ఆశ్చర్యం లేదు, సముద్రానికి కూడా గళ్లు వేశారు.

ఒకటిన్నర ఎందుకు తీసేశానంటే, అపార్ట్‌మెంట్ వాళ్లకి సగం పనే అవుతుంది. మా పైన నాలుగో అంతస్తు వాళ్లకీ మాకూ కోడ్ ఒకటే వస్తుంది, అంతస్తు అనే లెక్క దీనికి లేదు. ఇంట్లో కూర్చుని చూస్తే జీపీఎస్ ఊగి ఒకసారి పక్క బిల్డింగ్ కోడ్ ఇచ్చింది, గేటు దగ్గరికి వెళ్లి తీసుకోవాల్సొచ్చింది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, నేను వాడే డెలివరీ యాప్‌లలో దీన్ని రాసే గడే లేదు. ల్యాండ్‌మార్క్ అనే చోట రాస్తే డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి ‘అన్నా, ఇదేంది, ఓటీపీనా?’ అన్నాడు. ఫ్రూట్ మార్కెట్ అంటే టక్కున వచ్చేశాడు, ఆ మార్కెట్ ఇక్కణ్ణుంచి బాటసింగారం తరలిపోయినా సరే.

మావయ్యగారి సొంత ఇంటికైతే డిజిపిన్ బాగా కుదిరింది. పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు, డోర్ నంబరు ఉన్నా ఎవరికీ తెలియదు. ఆయన్ని అరుగు మీద నిలబెట్టి కోడ్ తీయించాను. “ఈ పదీ నేను కంఠస్థం చేయాలా బాబూ?” అన్నారు. అక్కర్లేదండీ, గోడ మీద రాసుకోండి అన్నాను. రాసుకున్నారు, కింద ‘వయా రావులపాలెం’ అని కూడా రాసుకున్నారు.

మీ ఊరి పేరు ఇంకెక్కడైనా ఉందనిపిస్తే ఎలా పంపాలో నాకు తోచింది చెప్తాను. ఊరి పేరు కంటే ముందు పిన్‌కోడ్ పెద్దగా రాయండి, జిల్లా పేరు మానేయకండి, 2022లో ఆంధ్రలో కొత్త జిల్లాలు వచ్చి మా అత్తగారి ఊరు కోనసీమ జిల్లాలోకి మారినా చాలా యాప్‌లలో ఇంకా తూర్పు గోదావరిలోనే ఉంటుంది, అది చూసి కంగారుపడకండి. కౌంటర్‌లో రసీదు చేతికొచ్చాక మొదటి మూడంకెలు చదువుకుని అప్పుడు బయటికి రండి.

కొరియర్‌కి ఐదుకి ఒకటి. ఆ ఒక్కటీ కంపెనీకి కాదు, పార్శిల్ పట్టుకుని మా వీధంతా తిరిగి, మావయ్యగారికి ఫోన్ చేసి “తాతగారూ, మీరు ఏ కొత్తపేటలో ఉన్నారు?” అని మర్యాదగా అడిగిన కుర్రాడికి.