కర్నూల్లో నడక బూట్లు కొనేవాళ్లు డబ్బా మీది స్టిక్కరు గీకి చూడండి

వచ్చే శనివారం మేం 14 మందిమి కొండారెడ్డి బురుజు దగ్గర బయలుదేరి నంద్యాల దాకా నడుస్తున్నాం. దాదాపు 70 కిలోమీటర్లు, రెండు రోజులు. తలసేమియాతో రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే పిల్లల మందులకు విరాళాలు పోగు చేస్తున్నాం. మంచినీళ్ల ఆటో, బ్యానరు, దారిలో రాత్రి పడక అన్నీ కుదిరాయి. బూట్ల దగ్గరే మోసపోయాం.

రెండు వారాల కిందట ఊళ్లోనే ఒక హోల్‌సేల్ షాపులో 14 జతలు తీసుకున్నాం. పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. డబ్బా మీద ధర 2,499. మాకు జత 950 చొప్పున మొత్తం 13,300. ఎవరి డబ్బు వాళ్లే వేసుకున్నాం, విరాళాల్లోంచి రూపాయి ముట్టలేదు. అంత తగ్గిస్తుంటే ఎందుకని అడగాల్సింది. బేరం ఆడింది నేనే, ఆ తెలివి నాకే లేకపోయింది.

మొన్న ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఓర్వకల్లు దాకా ట్రయల్ నడక పెట్టుకున్నాం. నన్నూరు టోల్‌గేట్ ఇంకా రానేలేదు, మా జట్టులో అందరికన్నా పెద్దాయన, రిటైరైన ఆర్టీసీ కండక్టరు, "అమ్మా, కాలికింద ఏందో మెత్తగా తగుల్తాంది" అన్నారు. సెల్ లైటు వేసి చూస్తే మడమ కింద తెల్లటి పొర నెర్రెలిచ్చి, బొరుగుల ఉండ నలిపినట్టు రాలుతోంది. వేలితో నొక్కితే లోపల తడి బెల్లంలా అంటుకుంది. పైన గుడ్డ మాత్రం నిగనిగలాడుతోంది! ఓర్వకల్లు చేరేలోపు ఇంకో ముగ్గురివీ అంతే. "ముప్పై ఏళ్లు బస్సులో నిలబడిన కాళ్లమ్మా ఇవి, వీటికేం కాలేదు" అంటూనే పెద్దాయన వట్టి కాళ్లతో ఆటో ఎక్కారు.

ఇంటికొచ్చి డబ్బా మీది స్టిక్కరు గోటితో గీకాను. పైన పోయిన ఏడాది తయారీ తేదీ. కింద ఇంకో లేబులు, దాని మీద 2018.

బూటు అడుగున మెత్తదనం కోసం చాలావాటిలో పాలియురేథేన్ అనే నురుగు పదార్థం వాడతారు. గాలిలో తేమ తగిలి అది ఏళ్ల తరబడి లోలోపలే విరిగిపోతుంది, వేడికి ఇంకా తొందరగా. కాలికి తొడగకుండా డబ్బాలో దాచినా ఆగదు. ఇక మన ఎండల్లో రేకుల గోడౌనులో ఏళ్ల తరబడి పడుంటే చెప్పాలా? అందుకే కొనేముందు మడమ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కండి, బూటును మధ్యకు వంచండి. గీతలు లేచినా, పొడి రాలినా వదిలేయండి.

షాపుకెళ్తే, "అక్కా, ఇవి రోజువారీ వాడకానికి, మీరు హైవే మీద నడిచినారు. అమ్మింది వాపసు లేదని చీటీ మీదే ఉంది గదా" అన్నాడు. ఆ చీటీ కూడా బిల్లు కాదు, తెల్లకాగితం మీద రాసిన ఎస్టిమేట్. దాన్ని పారేయకండి, ఫోన్‌పే రసీదూ ఉంచుకోండి, మాకు ఆ రెండే దిక్కయ్యాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. లోపం ఉన్న సరుకును బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోననడమూ తప్పే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, నేను సోమవారమే ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం, కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

శనివారానికి కొత్త బూట్లు కొనడం లేదు. నాలుగు రోజుల్లో కాలికి అలవాటు కాని బూటుతో 70 కిలోమీటర్లు నడిస్తే బొబ్బలు ఖాయం. అందరం పాతవే తుడుచుకుని వేసుకుంటున్నాం, పెద్దాయన తన డ్యూటీ చెప్పులకు కొత్త పట్టీ కుట్టించుకున్నారు. ఈ మధ్య ఇలాగే సగానికి సగం తగ్గింపులో కొన్నవాళ్లుంటే ఇప్పుడే స్టిక్కరు గీకి, రెండు లేబుళ్లూ కనబడేలా ఫొటో తీసి పెట్టుకోండి.