హెచ్‌ఓ ఇంజిన్ కొంటున్నారా? పైసలు పంపే ముందు దాని అడుగు భాగం చూడండి

ఇంట్లో చిన్న పట్టాల మీద నడిపే మోడల్ రైలు ఇంజిన్లు (హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు సైజు) పాతవి ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయిన నెల ఇలాంటి బేరంలో నేను 21,500 రూపాయలు పోగొట్టుకున్నాను. పట్టాలకు కరెంటు ఇచ్చే నా కంట్రోలర్, పన్నెండేళ్ళుగా వాడుతున్నది, అది కూడా కాలిపోయింది. ఆ అమ్మిన మనిషి ఇంకా అదే పద్ధతిలో అమ్ముతున్నాడు. అందుకే రాస్తున్నాను.

మా ఇల్లు నల్గొండ స్టేషన్‌కు దగ్గర. చిన్నప్పుడు సెలవుల్లో మహబూబ్‌నగర్‌లో అమ్మమ్మ ఇంటికి పోయినప్పుడు, నాయిన భుజాల మీద కూర్చొని మీటర్ గేజ్ బండి పోతుంటే చూసేవాణ్ని. ఆ ఇష్టం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మేడ మీద గదిలో ఎనిమిదడుగుల ప్లైవుడ్ మీద రెండు ప్లాట్‌ఫారాల చిన్న స్టేషన్ కట్టుకున్నాను. జీతంలో మిగిలిన దాంతో ఏడాదికి ఒక బోగీ, రెండేళ్ళకు ఒక ఇంజిన్. నాలాంటివాళ్ళకు 21,500 అంటే ఎంతో మీకు తెలుసు.

ప్రకటనలో ఇలా ఉంది: జర్మనీ ఇంజిన్, మార్క్‌లిన్, హెచ్‌ఓ, రన్నింగ్ కండిషన్, మూడు బోగీలతో కలిపి. మార్క్‌లిన్ అంటే 1859లో మొదలైన కంపెనీ. చేతిలోకి తీసుకుంటే ఇనుప ముద్దలా బరువుగా ఉంటుంది, ఆ పనితనం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఫోన్ చేసి అడిగాను.

"అన్నా, నా పట్టాలు మామూలు హెచ్‌ఓ. 16.5 మిల్లీమీటర్లు. దీనికి సరిపోతుందా?"

"సరిపోతది అన్నా. హెచ్‌ఓ అంటే హెచ్‌ఓనే గదా. చక్రాలు కరెక్ట్‌గా కూర్చుంటయ్."

"డీసీయేనా?"

"అన్నీ డీసీనే అన్నా. వీడియో పంపిస్త, చూస్కో."

వీడియో వచ్చింది. ఇంజిన్ చక్కగా తిరుగుతోంది, దీపం కూడా వెలుగుతోంది. ఇంకేం కావాలి అనుకొని ఫోన్‌పేలో మొత్తం పంపేశాను. నా తప్పు అక్కడే జరిగింది.

నాలుగు రోజులకు పార్శిల్ వచ్చింది. ఇంజిన్ నిజంగా అందంగా ఉంది, ఆ మాట కాదనను. పట్టాల మీద పెట్టాను, చక్రాలు కూడా సరిగ్గానే కూర్చున్నాయి. కంట్రోలర్ తిప్పాను, ఇంజిన్ కదల్లేదు. చక్రాలకు మురికి పట్టి ఉంటుందనుకొని ఇంకొంచెం తిప్పాను. కాలిన వాసన వచ్చేదాకా నాకు అర్థం కాలేదు. నా కంట్రోలర్ పాతది. షార్ట్ అయితే దానంతట అదే ఆగిపోవాలి, ఆగలేదు.

అసలు సంగతి ఇది. మనలో ఎక్కువమంది వాడేది రెండు పట్టాల డీసీ పద్ధతి. ఒక పట్టాలో ప్లస్, ఇంకో పట్టాలో మైనస్, గరిష్ఠంగా 12 వోల్టులు. అందుకే మన ఇంజిన్లలో ఎడమ చక్రానికి, కుడి చక్రానికి మధ్య కరెంటు పారకుండా ఇన్సులేషన్ ఉంటుంది. మార్క్‌లిన్ హెచ్‌ఓ అలా కాదు. అక్కడ రెండు పట్టాలూ కరెంటుకు ఒకే వైపు. రెండో వైపు కరెంటు పట్టాల నడుమ, స్లీపర్ల మీద ఉండే చిన్న చిన్న మేకుల నుంచి వస్తుంది. ఇంజిన్ అడుగున పొడవాటి రేకు ఒకటి ఆ మేకులను రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. పాత ఇంజిన్లయితే 16 వోల్టుల ఏసీతో నడుస్తాయి, దిశ మార్చడానికి ఒక్క క్షణం 24 వోల్టులు ఇస్తారు. రెండు పట్టాలూ ఒకటే కాబట్టి చక్రాలకు ఇన్సులేషన్ అవసరమే లేదు. అలాంటి ఇంజిన్‌ను మన పట్టాల మీద పెడితే దాని ఇరుసే ప్లస్‌ను, మైనస్‌ను కలిపేస్తుంది. నేను చేసింది సరిగ్గా అదే.

ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. వాళ్ళ పట్టాల మీద అది దశాబ్దాలపాటు నడిచే వస్తువు. హెచ్‌ఓ అన్న మాట కూడా అబద్ధం కాదు, స్కేల్ 1:87, గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 16.5 మిల్లీమీటర్లు. "చక్రాలు కూర్చుంటయ్" అన్నదీ నిజమే. డీసీ అన్న ఒక్క మాట అబద్ధం, మిగతా నిజాలన్నీ దానికి అడ్డం పెట్టుకున్నాడు. తెలియక చెప్పాడేమో అని మొదట నేనూ అనుకున్నాను. ఆ వీడియో మళ్ళీ చూశాక ఆ అనుమానం పోయింది. ఫోన్ వెలుతురు పెంచి, ఆపి ఆపి చూస్తే పట్టాల నడుమ నల్ల చుక్కలు వరసగా కనిపిస్తున్నాయి. అవే ఆ మేకులు. ఏ పట్టాల మీద నడపాలో తెలిసే నడిపాడు. పైగా పంపిన పదకొండు ఫోటోల్లో ఒక్కటి కూడా అడుగు భాగానిది లేదు.

ఫోన్ చేస్తే "నువ్వే కాల్చినవ్, నాకేం సంబంధం" అన్నాడు. ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు. పార్శిల్ విప్పిన వీడియో నా దగ్గర ఉంది. కానీ పట్టాల మీద పెట్టకముందు మల్టీమీటర్‌తో, అంటే కరెంటు కొలిచే పరికరంతో, చూసిన వీడియో లేదు. అది ఉంటే ఆ మాట అనగలిగేవాడు కాదు.

కాబట్టి ఇంజిన్‌ను తలకిందులు చేసి తీసిన ఫోటో లేకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. నడుమ పొడవాటి రేకు కనిపిస్తే అది మన పట్టాలకు పనికిరాదు. ఆ ఫోటోలోనే ఇంకోటి కూడా బయటపడుతుంది. బాగా పాత ఇంజిన్లలో జింక్ కలిపి పోతపోసిన చట్రం లోలోపల చెడిపోయి ఉబ్బుతుంది, పగుళ్ళు ఇస్తుంది. జింక్ పెస్ట్ అంటారు. దానికి మందు లేదు, ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. వస్తువు చేతికి వచ్చాక ముందు మల్టీమీటర్ పెట్టండి. ఎడమ చక్రానికి, కుడి చక్రానికి మధ్య సున్నా ఓమ్ దగ్గర చూపిస్తే పట్టాల మీద పెట్టనేవద్దు. మీటర్‌లో బజర్ మోగిందని అదొక్కటే నమ్మకండి, మంచి ఇంజిన్‌లో కూడా మోటార్ చుట్ల మీదుగా కొన్ని ఓములు చూపించి బజర్ మోగవచ్చు. అంకె చూడండి. లైట్లు లేని బోగీలకైతే అసలు ఏమీ చూపించకూడదు. నాకు వచ్చిన మూడు బోగీలూ సున్నా చూపించాయి.

ఓడల మోడళ్ళు కట్టేవాళ్ళకు కూడా ఒక మాట. మహబూబ్‌నగర్‌లో ఉన్న నా మిత్రుడు ఇంకొకరి దగ్గర టైటానిక్ కిట్ కొన్నాడు. 1:350 అని చెప్పి 4,800 తీసుకున్నారు. వచ్చింది 1:700 కిట్, అదీ అట్టపెట్టె మార్చి పంపారు. అసలు టైటానిక్ పొడవు 269 మీటర్లు. 350తో భాగిస్తే 77 సెంటీమీటర్లు రావాలి, 700తో అయితే 38. పాపం, ఆయన గాజు పెట్టె కూడా ముందే చేయించి పెట్టుకున్నాడు. స్కేల్ ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి, విడిభాగాల పక్కన టేపు పెట్టి ఫోటో పంపమనండి. బోగీలకు కూడా ఇదే లెక్క. మన ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) బోగీ 21.3 మీటర్లు, హెచ్‌ఓలో 24.5 సెంటీమీటర్లు ఉండాలి. 20 ఉందంటే అది బొమ్మ, మోడల్ కాదు.

నేను 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. పైసలు తీసుకొని అసలు వస్తువే పంపకపోతే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాలకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. కొన్న వస్తువు 5 లక్షల లోపుదైతే ఫీజు లేదు. నాకు ఇంజిన్ అమ్మినవాడి దగ్గర అమ్మకానికి నలభైకి పైగా వస్తువులున్నాయి, అంటే అది వ్యాపారమే, కాబట్టి ఇది వినియోగదారుల కేసే అవుతుంది. ఫోన్‌పే రసీదు, చాటింగ్, ఆ వీడియో అన్నీ ప్రింట్లు తీసి, పెన్ డ్రైవ్‌లో పెట్టి నల్గొండ కమిషన్‌కు సిద్ధం చేస్తున్నాను.

నిన్న రాత్రి మళ్ళీ చూశాను. పేరు మార్చి, ఇంకో ఇంజిన్ పెట్టాడు. అదే ఆకుపచ్చ దుప్పటి, అదే కిటికీ వెలుతురు, "హెచ్‌ఓ, డీసీ, రన్నింగ్ కండిషన్". ఈసారి పద్నాలుగు ఫోటోలు. అడుగు భాగానిది ఒక్కటీ లేదు.