వెండి రేకా, అట్ట కార్డా: తన రూపం తన చేతిలో ఉండాలంటే ఏది మేలు?

19వ శతాబ్దంలో ఫోటో దిగాలంటే ముందు దొరికింది వెండి రేకు. 1839లో పారిస్‌లో ప్రకటించిన డాగెరోటైప్ అనే ఫోటో పద్ధతిలో బొమ్మ వెండి పూత పూసిన రాగి రేకు మీద పడుతుంది. నెగటివ్ ఉండదు. ఆ రేకే బొమ్మ, అదొక్కటే ప్రతి. 1854లో పారిస్ ఫోటోగ్రాఫర్ డిస్డెరి పేటెంటు పొందిన కార్త్ ద విజిత్ అనే అట్ట కార్డు దీనికి పూర్తిగా వేరు. ఒకే గాజు పలక మీద ఎనిమిది దాకా బొమ్మలు తీసి, కాగితం మీద అచ్చులు వేసి, అరచేతిలో ఇమిడే అట్టలకు అంటించేవారు.

అందంలో రేకుకు సాటి లేదు. కాస్త వంచితే ముఖం వెలుగునీడలు తారుమారవుతాయి, ఇంకాస్త వంచితే అద్దమై చూసేవారి ముఖమే కనిపిస్తుంది. బొమ్మ కుడిఎడమలు మారి పడుతుంది కాబట్టి, దిగిన మనిషి అందులో చూసుకునేది రోజూ అద్దంలో కనిపించే తననే.

అమెరికాలో బానిసత్వం నుంచి 1838లో తప్పించుకున్న నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ ఈ రేకు బలాన్ని ముందే గుర్తించారు. తెల్ల చిత్రకారుల చేతిలో నల్లవారి ముఖాలు ఉన్నవి ఉన్నట్టు రావని 1849లో తన పత్రికలో రాశారు. ఓహాయోలోని అక్రన్‌లో శామ్యూల్ మిల్లర్ తీసిన రేకులో డగ్లస్ కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి సూటిగా చూస్తారు. ఆ చూపు ముందు ఎవరైనా సర్దుకుని నిలబడవలసిందే.

అయితే ఆ బలం డగ్లస్ తన ఇష్టంతో కూర్చున్నందువల్ల వచ్చింది. 1850లో దక్షిణ కరోలినాలో జోసెఫ్ జీలీ అనే ఫోటోగ్రాఫర్ ఇలాంటి రేకుల మీదే రెంటీ అనే బానిసనూ ఆయన కూతురు డీలియానూ బట్టలు తీయించి చిత్రించాడు. మనుషుల జాతులు వేర్వేరుగా పుట్టాయన్న తన సిద్ధాంతానికి హార్వర్డ్ ఆచార్యుడు లూయీ అగాసీకి సాక్ష్యం కావాలి. డీలియా నడుము దగ్గర జారిపోయిన బట్ట ఆ బొమ్మలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రేకు ఆమె చేతికి రాలేదు.

కార్డును తన సొంతం చేసుకున్న మనిషి, బానిసత్వానికి ఎదురు పోరాడిన సొజర్నర్ ట్రూత్. ఆమె కూడా బానిసగా పుట్టారు, చదవడం రాయడం రాదు. 1864లో తన కార్డులకు తన పేరిట కాపీరైటు తీసుకున్నారు. తెల్లటి టోపీ, శాలువా, కళ్లద్దాలు, చేతిలో అల్లిక, పక్కన బల్ల మీద పువ్వులు, పుస్తకం. గౌరవంగా బతికే గృహిణి ఎలా కనిపించాలో అలా కూర్చున్నారు. కింద ఒక వాక్యం అచ్చు వేయించారు: "అసలును పోషించుకోవడానికి నీడను అమ్ముతున్నాను." నీడ అంటే ఫోటో, అసలు అంటే తాను. ఒకప్పుడు తన ఒంటినే అమ్మిన దేశంలో తన నీడను తానే, తన ధరకు అమ్మారు.

అందుకే నేను కార్డు వైపే మొగ్గుతాను. దాని లోపాలు లేకపోలేదు. స్టూడియోలో అదే తెర, అదే స్తంభం, అదే కుర్చీ ఉండటంతో చాలా కార్డులు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మనుషులను "జాతుల నమూనా"లుగా అమ్మడానికీ ఈ కార్డులే పనికొచ్చాయి, ఇది నన్ను బాధిస్తుంది. అయినా వందల ప్రతులు తీసి, ఊరూరా పంచి, ఆ డబ్బుతో బతికే వీలు రేకులో లేదు.

రెంటీ, డీలియాల రేకులు 1976లో హార్వర్డ్ మ్యూజియం అటక మీద బయటపడ్డాయి. తాను రెంటీ వంశస్థురాలినని చెప్పిన ఒక మహిళ 2019లో దావా వేశారు. 2025లో రాజీ కుదిరి, ఆ రేకులను చార్లెస్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి అప్పగించడానికి హార్వర్డ్ ఒప్పుకుంది.